మేడం ఇనుప బూటు

నేను ఒక ఇనుప కాలిపర్ని. పేరు వినగానే బడిపిల్లలు పొరబడతారు. వాళ్ల సైన్సు ల్యాబులో సన్నని గీతలతో మెరిసే ఒక కొలత పరికరానికి కూడా ఇదే పేరుంది. అది గోలీల వ్యాసం కొలుస్తుంది. నాకు కొలవడం రాదు. పోలియో వచ్చి చచ్చుబడిన కాలికి అటూ ఇటూ నిలబడి, ఆ కాలు చేయలేని పని నేను చేస్తాను. రెండు ఇనుప కడ్డీలు, తొడ దగ్గరా పిక్క దగ్గరా తోలు పట్టాలు, మోకాలి దగ్గర ఒక గొళ్లెం, అడుగున ఒక నల్లని బరువైన బూటు. ఇంతే నా ఒళ్లు. నన్ను ఇంటికి తెచ్చుకున్న బాలవ్వ మాత్రం ఏనాడూ కాలిపర్ అనలేదు. ఇనుప బూటు అనేది. నాకూ ఆ పేరే అలవాటైపోయింది.

నన్ను చేసింది హైదరాబాదులో ఒక చిన్న కార్ఖానా. చేసినవాడి పేరు యాదగిరి. ఆయన ముందు గోధుమరంగు కాగితం ఒకటి పరిచి ఉండేది. దాని మీద ఎవరో ఒక పిల్లను పడుకోబెట్టి, కాలి చుట్టూ పెన్సిలుతో గీత గీసి పంపారు. కడ్డీని కాల్చి, వంచి, ఆ గీత మీద పెట్టి చూసి, మళ్లీ వంచేవాడు. "గింత సన్నగున్నదేందిరా కాలు" అని తనలో తాను అనుకోవడం విన్నాను. మనుషులకు ఇదొక వింత అలవాటు. ఎదురుగా లేని మనిషి మీద కూడా జాలిపడతారు, ఆ జాలిలోనే సుత్తి దెబ్బ కాస్త మెల్లగా వేస్తారు.

ఆ గీత స్వరూపది. సిద్దిపేట అవతల ఒక ఊళ్లో బీడీలు చుట్టే బాలవ్వ ఒక్కగానొక్క కూతురు. తండ్రి మగ్గాల పనికని భీవండి పోయి అక్కడే ఉండేవాడు, పండుగలకు వచ్చిపోయేవాడు. పసితనంలో వచ్చిన జ్వరం పిల్ల కుడికాలును తీసుకుపోయింది. అప్పటినుంచి బాలవ్వ చంక దిగకుండా పెరిగింది.

నన్ను తొడిగిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఆసుపత్రి గదిలో ఒక బల్ల మీద పిల్లను కూర్చోబెట్టి పట్టాలు బిగించారు. గొళ్లెం టక్కుమంది. కిందికి దింపి చేతులు వదిలేశారు. స్వరూప నిలబడింది. బాలవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దగ్గరికి వచ్చి, కూతురి తల మీద అరచేయి పెట్టి, ఆ చేతిని అలాగే తన పొట్ట దాకా జరిపి కొలుచుకుంది.

"ఇంత పొడుగున్నదా నా బిడ్డ!" అంది.

పుట్టినప్పటినుంచి ఎత్తుకునే తిరిగిన తల్లికి కూతురు ఎంత ఎత్తు పెరిగిందో ఆ రోజే తెలిసింది. నేను చేసిన పని ఎంత పెద్దదో నాకూ ఆ రోజే తెలిసింది.

అయితే నా బరువు సంగతి కూడా చెప్పాలి, దాచి లాభం లేదు. మూడు కిలోలకు పైనే ఉంటాను. గట్టిగా గాలి వస్తే కొట్టుకుపోయేలా ఉండే పిల్లకు అది చిన్న బరువు కాదు. నడుము బిగించి, పళ్లు కరిచి, కాలును పక్కనుంచి తిప్పి ముందుకు విసిరేది. విసిరిన ప్రతిసారీ నేను నేల మీద ధన్‌మని పడేదాన్ని. వానాకాలం వస్తే నా బూటుకు రేగడి పట్టి బరువు రెట్టింపయ్యేది. తొడ దగ్గర తోలు ఒరుసుకుని పుండ్లు పడేవి. సాయంత్రం బాలవ్వ బీడీల చాట పక్కన పెట్టి ఆ పుండ్లకు కొబ్బరినూనె రాసేది. బళ్లో మిగతా పిల్లలు ఆటల గంట కొట్టగానే బయట పడేవాళ్లు. స్వరూప లేచి, సర్దుకుని, గడప దాకా వచ్చేసరికి లోపలికి పిలిచే గంట కొట్టేవారు. కొన్నాళ్లకు లేవడం మానేసింది. కిటికీలోంచి చూసేది. నిలబెట్టింది నేనే, కూర్చోబెట్టిందీ నేనే.

ఆ పిల్ల మూడో తరగతిలో ఉండగా ఊరికి వచ్చే నర్సమ్మ ఒక కబురు తెచ్చింది.

"బాలవ్వా, హైదరాబాద్ల పెద్దాసుపత్రిల తేలిక బూట్లు ఇస్తున్నరంట. రాకెట్లు చేసే సార్లు చేసిండ్రంట."

"రాకెట్లు చేసేటోళ్లకు నా బిడ్డ కాలుతోని ఏం పని?" అంది బాలవ్వ. అన్నదే గానీ తెల్లారి మొదటి బస్సెక్కింది.

ఆసుపత్రి హాలులో నా చుట్టాలంతా కనిపించారు. అన్ని ఊళ్లనుంచి వచ్చిన పిల్లలు, అన్ని కాళ్లకూ ఇనుమే. ఎవరు కదిలినా గలగలమని ఒక మోత. ఆ మోతలోనే అక్కడి కాంపౌండరు ఒకాయన తల్లులకు చెబుతున్నాడు. కలాం అని ఒక పెద్ద శాస్త్రవేత్త ఉన్నారట. క్షిపణుల పనికోసం ఆయన దగ్గర చాలా తేలికైన, చాలా గట్టి పదార్థం ఒకటి తయారైంది. ఎముకల డాక్టరు ఒకాయన వాళ్ల ప్రయోగశాల చూడటానికి పోయి, దాన్ని చేతిలోకి తీసుకుని, ఆశ్చర్యపోయి, ఆ శాస్త్రవేత్తను తన వార్డుకు తీసుకువచ్చి ఇనుము ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను చూపించాడట. చూసిన మనిషి ఊరుకోలేదు. ఆకాశానికి పోవాల్సిన ఆ వస్తువుతోనే పిల్లల కాళ్లకు బూట్లు చేయించాడట.

నేను విని నమ్మలేదు. బరువు లేకుండా బలం ఎలా వస్తుంది? ఇనుముగా పుట్టిన నాకు అది ఊహకు అందని మాట.

స్వరూప వంతు వచ్చింది. నా పట్టాలు విప్పి నన్ను బెంచీ మీద పెట్టారు. తెల్లగా, పల్చగా, చెట్టు బెరడు ఒంపులా ఉన్న ఒకదాన్ని తెచ్చి ఆమె కాలికి తొడిగారు. గలగల లేదు, టక్కు లేదు. "నడువమ్మా" అన్నారు.

ఆ పిల్ల ఎప్పటిలాగే నడుము బిగించింది. పళ్లు కరిచింది. నా మూడు కిలోలను ఎత్తడానికి ఎంత బలం కావాలో అంత బలమూ కూడదీసి కాలు విసిరింది. ఎత్తడానికి అక్కడ బరువే లేదు! కాలు రివ్వున ఎగిరి ఎదురుగా ఉన్న రేకు బకెట్టును తన్నింది. బకెట్టు దొర్లుకుంటూ గది అవతలికి పోయింది. స్వరూప తన కాలి వంక చూసుకుంది, అది వేరే ఎవరిదో అన్నట్టు. ఆ తర్వాత నవ్వింది. ఆ నవ్వు నేను అంతవరకు వినలేదు. మళ్లీ వేసింది, మళ్లీ వేసింది, హాలు ఈ కొసనుంచి ఆ కొసకు పోయింది, అక్కడినుంచి గుమ్మం దాటి వరండాలోకి పోయింది.

"ఉరకకే పిల్లా! పడుతవ్! ఉరకకే!" అని బాలవ్వ వెంటపడింది. తల్లులందరూ రోజూ అనే మాట. ఆమె నోట అదే మొదటిసారి. అంటూ అంటూ గుమ్మం దగ్గర ఆగి, కొంగు నోట్లో కుక్కుకుని, ఈసారి ఏడ్చింది.

బెంచీ మీద ఒంటరిగా ఉన్న నాకు అసూయ కలగలేదంటే మీరు నమ్మరేమో. కలగలేదు. కొన్నింటి ముందు అసూయకు చోటుండదు. నోరు తెరుచుకుని చూడటమే మిగులుతుంది.

పోయేటప్పుడు కాంపౌండరు, "పాతది ఈడనే ఇడిసిపెట్టమ్మా, దాంతోని ఇగ పనిలేదు" అన్నాడు.

"ఎట్ల ఇడుస్తనయ్యా? ఇది నా బిడ్డను నిలవెట్టింది" అని బాలవ్వ నన్ను చంకన పెట్టుకుంది. కూతురు ముందు నడుస్తుంటే, కూతుర్ని ఎత్తుకున్నట్టే నన్ను ఎత్తుకుని బస్సెక్కింది.

తర్వాత చాలా ఏళ్లు నేను అటక మీద ఉన్నాను. కింద జరిగేదంతా చెవిన పడుతూనే ఉండేది. స్వరూప ఎదిగినకొద్దీ తేలిక బూటు మారుతూ వచ్చింది. ఆమె ఇంటరులో చేరబోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం పక్కింటి టీవీ దగ్గరనుంచి తల్లిని కేకేసింది.

"అవ్వా, జల్దిరా! ఆ సారు మన రాష్ట్రపతి అయితున్నడు!"

"ఏ సారే?"

"నా కాలు సారు!"

బాలవ్వ చాట పక్కన పెట్టి పోయి చూసొచ్చింది. "పెద్ద ఇల్లు ఇచ్చిండ్రు గాని, మనిషి బక్కగున్నడు. జర మంచిగ తినమనాలె" అంది. దేశమంతా ఆ రోజు పదవిని చూసింది. బాలవ్వ చూసింది మాత్రం తన బిడ్డ కాలు గురించి ఆలోచించిన ఒక మనిషిని, ఆయన తిండీ నిద్రా సరిగా ఉన్నాయో లేదో అని.

స్వరూప బీఎస్సీ చదివింది, బీఈడీ చేసింది, జిల్లా పరిషత్తు హైస్కూలులో సైన్సు టీచరయింది. బడి దగ్గరే ఇల్లు అద్దెకు తీసుకుని తల్లిని తెచ్చుకుంది. సామానుతో పాటు నేనూ వచ్చాను. కాలేజీలో చదివే రోజుల్లో ఎవరో ఆమె బూటు చూసి "పాపం" అన్నారట. ఆ ఒక్క మాట ఆమె ఒంట్లో నా పట్టాలకంటే లోతుగా దిగింది. అప్పటినుంచి చీర కుచ్చిళ్లు నేలను తాకేలా కట్టడం నేర్చుకుంది. కాస్త వాలి నడిచే మేడంకు మోకాళ్ల నొప్పులని పిల్లలు అనుకునేవాళ్లు. అనుకోనిచ్చింది.

కలాం గారు పోయిన కొన్నేళ్లకు, ఒక అక్టోబరులో, హెడ్‌మాస్టరు విఠల్ సారు ఆమెను పిలిచాడు. మాజీ రాష్ట్రపతి జయంతికి తొమ్మిదో తరగతిలో ఒక ప్రత్యేక పాఠం చెప్పాలి, మండల విద్యాధికారి వచ్చి చూస్తాడు, అంశం ఆయన మనకిచ్చిన వారసత్వం. చార్టులు, ఫోటోలు, గోడకు కొత్తగా బిగించిన పెద్ద తెర, అందులో వీడియోలు, అన్నీ ఉన్నాయి. స్వరూప మనసు పెట్టి తయారుచేసింది. ముందురోజు ఒకసారి క్లాసులో చెప్పి చూసింది. అక్కడ జరిగిందంతా ఇంటికొచ్చి తల్లికి చెబుతుంటే నేనూ విన్నాను. పిల్లలు ఆయన బొమ్మలు గీశారు. మొహం ఎవరికీ కుదరలేదు గానీ జుట్టు మాత్రం అందరికీ కుదిరింది. రాకెట్టు లేచే వీడియోకు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆవలించారు.

అప్పుడే మూడో బెంచీలోంచి కావేరి లేచింది. సందేహం వస్తే పెదవి దాటనివ్వకుండా ఉండలేని పిల్ల.

"మేడం, వారసత్వం అంటే ఆస్తి పంచుకునుడే కదా? మొన్న మా ఇంట్ల పంచుకున్నరు. మస్తు కొట్లాడుకున్నరు."

"అట్లాంటిదే గానీ..."

"ఆయనకు పెండ్లి కాలే, పిల్లల్లేరు అని మీరే చెప్పిండ్రు. మరి ఆయన ఇడిసిపెట్టింది ఎవరికి దొరికింది మేడం?"

క్లాసు నవ్వింది. స్వరూప నవ్వలేదు. జవాబు ఆమె కుచ్చిళ్ల కింద ఉంది. "రేపు చెప్త" అని పుస్తకం మూసింది.

ఆ సాయంత్రం ఆమె కుర్చీ ఎక్కి నన్ను అటక మీదినుంచి దించింది. దుమ్ము తుడిచింది. చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"బడికి తీస్కపోదామని ఉన్నదవ్వా. రెండూ చూపిద్దామని" అంది.

బాలవ్వ ఉలిక్కిపడింది. "కాలు చూపెడుతవా? ఇన్నేండ్లు దాసుకున్నవ్. పిల్లలు నవ్వితే?"

"నవ్వితే పర్వాలేదు. పాపం అంటేనే నాకు భయం."

బాలవ్వ లోపలికి పోయి కొబ్బరినూనె సీసా తెచ్చి, బిగుసుకుపోయిన నా గొళ్లేనికి రాసింది. అదే ఆమె జవాబు.

మరునాడు స్వరూప నన్ను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టేసరికి క్లాసంతా ముందుకు వంగింది. ఇదేంటో చెప్పండి అంది. ఎడ్లకు వేసేదని ఒకరు, మోటారు సైకిలు స్టాండని ఒకరు, దొంగలకు వేసే సంకెళ్లని ఇంకొకరు. నేను అన్నీ విన్నాను. సంకెళ్లన్న పిల్లవాడు మరీ తప్పు చెప్పలేదనిపించింది.

"ఎత్తి చూడుండ్రి" అంది. ఒక్కొక్కరే వచ్చి ఎత్తారు. "అమ్మో" అన్నారు. కావేరి నన్ను తన కాలికి కట్టుకుంటానంది. నేను చిన్నపిల్ల కొలతను, తొమ్మిదో తరగతి కాలికి సరిపోను. అందుకని తాడుతో తన పిక్కకు కట్టించుకుని తలుపు దగ్గరనుంచి బోర్డు దాకా నడిచింది. సగం దారిలోనే నుదుట చెమట పట్టింది.

"దీన్ని ఏసుకుని ఒక పిల్ల రోజూ బడికొచ్చేది. మీకంటే చాలా చిన్నది" అంది స్వరూప.

"ఏ పిల్ల మేడం?"

స్వరూప కుర్చీలో కూర్చుంది. చీర అంచు పైకి జరిపి, కాలినుంచి తెల్లని బూటును విప్పింది. విప్పి, ముందు బెంచీలో ఉన్న పిల్ల చేతిలో పెట్టింది.

"నేనే. ఇప్పుడు దీన్ని ఎత్తుండ్రి."

ఎవరూ నవ్వలేదు. పాపం అని కూడా ఎవరూ అనలేదు. ఆ తెల్లని బూటు బెంచీ బెంచీకి చేతులు మారుతూ పోయింది. నన్ను ఎత్తడానికి అలవాటుపడిన చేతులు దాన్ని అందుకోగానే గాల్లోకి లేచాయి. లేచిన చేతినీ అందులోని బూటునీ మార్చి మార్చి చూసుకున్నారు పిల్లలు. "రాకెట్టుకు ఏస్తరా దీన్ని?" అని ఒకడు గుసగుసగా అడిగాడు. గుడిలో మాట్లాడినట్టు, అంత మెల్లగా. స్వరూప చెబుతూ పోయింది. ప్రయోగశాల, డాక్టరు, వార్డు, ఇనుము మోసే పిల్లలు, బకెట్టు తన్నిన సంగతి. పెద్ద తెర వైపు ఎవరూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే విఠల్ సారు విద్యాధికారిని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. పిల్లలందరూ దిగ్గున లేచారు. స్వరూప అలవాటుకొద్దీ లేవబోయింది. బల్ల అంచు పట్టుకుంది. లేవలేకపోయింది. హెడ్‌మాస్టరు మొహం చిట్లించాడు. అధికారి వచ్చినా కూర్చునే ఉన్న టీచరును ఆయన అంతకుముందు చూసి ఉండడు.

"మేడం?" అన్నాడు.

స్వరూప తలెత్తింది. "లేవలేను సార్. నా కాలు చివరి బెంచీల ఉన్నది" అంది.

అధికారి వెనక్కు తిరిగి చూశాడు. చివరి బెంచీ పిల్లవాడు ఆ తెల్లని బూటును గుండెలకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. కావేరి వెళ్లి దాన్ని రెండు చేతులతో అందుకుని తెచ్చింది. మేడం ముందు నేల మీద కూర్చుని, "ఎట్ల కట్టాలె మేడం?" అని అడిగి, చెప్పినట్టు కట్టింది. స్వరూప లేచి నిలబడింది. ఒక తల్లి ఆసుపత్రి గదిలో చూసిన దృశ్యమే ఆ పిల్లలంతా చూశారు. వాళ్ల మొహాల్లో ఏముందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. మొదటిసారి సముద్రం చూసిన వాళ్ల మొహాలు అలా ఉంటాయేమో.

విఠల్ సారు నన్ను ఎత్తబోయి, బరువు చూసి, రెండో చేయి కూడా వేశాడు. "ఇన్నేండ్లు ఒక్క మాట చెప్పలేదు మేడం మీరు" అన్నాడు. అందులో నిష్ఠూరం కంటే గౌరవమే ఎక్కువ వినిపించింది. అధికారి తన దగ్గరున్న ప్రశ్నల కాగితాన్ని జేబులో పెట్టేసుకుని, ముందు బెంచీలో పిల్లల పక్కన సర్దుకుని కూర్చున్నాడు. "మిగతాది చెప్పండమ్మా" అన్నాడు.

స్వరూప కావేరి వైపు చూసింది. "నిన్న అడిగినవ్ కదా, ఆయన ఇడిసిపెట్టింది ఎవరికి దొరికిందని. నాకు దొరికింది. నాకు తెల్వని ఎందరికో దొరికింది. ఎవ్వరం కొట్లాడుకోలే. ఎంతమంది తీసుకున్నా ఒడవలే."



ఆ రోజునుంచి నేను ఇంటికి పోలేదు. సైన్సు ల్యాబులో, నా పేరే ఉన్న ఆ కొలత పరికరం పక్కన, నాకు ఒక అర ఇచ్చారు. స్వరూప కుచ్చిళ్లు ఇప్పుడు నేలను తాకవు. ప్రతి అక్టోబరులో నన్ను దించుతుంది. కొత్త పిల్లలు ఎత్తుతారు, "అమ్మో" అంటారు, తెల్లని బూటు అందుకుని నోరు తెరుస్తారు. ఆ నోరు తెరవడం పాతబడదేమని నాకు ప్రతి ఏడూ ఆశ్చర్యమే.

మొన్న ఆరో తరగతి వాళ్లను తీసుకొచ్చింది. అఫ్రీన్ అనే చిన్న పిల్ల నా అర మీద అంటించిన చీటీని వేలు పెట్టి చదివింది. "పోలియో వచ్చిన పిల్లలు వేసుకునేది." చదివి, కనుబొమలు ముడిచింది.

"మేడం, ఈడ తప్పు రాసిండ్రు."

"ఏం తప్పు?"

"పోలియో వచ్చుడేంది? పోలియో అంటే చుక్కలు కదా! మా తమ్మునికి ఆదివారం నోట్ల ఏసిండ్రు."

"అవును మేడం, చుక్కలే" అన్నారు మిగతా పిల్లలు.

స్వరూప చేతిలో సుద్దముక్క అలాగే ఆగిపోయింది. ఏ పేరు వింటే ఒకప్పుడు తల్లులు బిడ్డల కాళ్లు పట్టి చూసుకునేవాళ్లో, ఆ పేరు ఈ పిల్లలకు ఒక మందు పేరు. అంతకు మించి తెలియదు. ఆ క్లాసులో ఇన్ని కాళ్లున్నాయి, వాటిలో ఒక్కదానికి కూడా నా అవసరం లేదు. పనికిరాకుండా పోవడం ఇంత గొప్పగా ఉంటుందని నన్ను చేసిన యాదగిరి కూడా అనుకుని ఉండడు.

స్వరూప కళ్లు తుడుచుకుని నవ్వింది. "కూసోండ్రి బిడ్డా, చెప్త" అంది. "ఇది పాత కథ."